ముఖపు రేకు ఎత్తిన సైనికుడు

మా మేనత్త కారకోసా కుట్టు పడకుండా ఒక్క శిరస్త్రాణం కూడా మా కొట్టు దాటేది కాదు. నాన్న ఇనుము సాగగొట్టి, పిట్ట ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ముఖపు రేకు బిగిస్తే, లోపలి నారగుడ్డ మెత్త అత్త కుట్టేది.

ఆమె మా ఊరు బ్రేషాకు వచ్చేనాటికి నేను పాలు మరవని పిల్లను. కొండమీది వాళ్ళ పల్లెను కిరాయి సైన్యం దోచుకుంది. మామయ్య బెర్ట్రామోను గుమ్మంలోనే పొడిచి చంపినవాడు ముఖపు రేకు దించుకుని ఉన్నాడు. అత్త ఎదురుగానే నిలబడింది. మెరుగుపెట్టిన ఆ ఇనుములో ఆమెకు తన మొహమే వంకరగా కనిపించింది.

నాన్న ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. ఊరికే కూర్చుని తినలేక ఆమె సూది పట్టింది. ఎవరికోసం కుడుతున్నానని ఎన్నడూ అడగలేదు. మెత్త మరీ బాగా కుదిరిన పూట మాత్రం కొర్ర సంకటి ముట్టేది కాదు.

నా పెళ్ళయిన ఏడు గొట్టార్దో అనే చిత్రకారుడు మా వీధి చర్చికి వచ్చాడు. బైబిలులో హేరోదు రాజు సైనికులు బెత్లెహేము పసిపిల్లలను చంపే ఘట్టం గోడమీద వేయాలి. నమూనాకని మా కొట్టులో ఒక శిరస్త్రాణం అరువు తీసుకున్నాడు. బొమ్మలో సైనికులందరికీ అదే పెట్టాడు, రేకులన్నీ దించి. చూడవచ్చిన ఆడవాళ్ళు చంకలోని బిడ్డలను గట్టిగా పట్టుకున్నారు.

అత్త నన్ను వెంటబెట్టుకుని పరంజా కిందికి వెళ్ళింది.

"ఏమయ్యా, ఒక్కడిదన్నా ఆ రేకు పైకెత్తరాదూ?"

"దించి ఉంటేనే భయమమ్మా. ఎత్తితే వాడూ మనిషైపోతాడు. అలా ఎత్తినందుకు ఫాదరుగారు తిడితే నీ పేరే చెబుతాను."

"చెప్పుకో. ఆయన టోపీ చిరిగితే నా దగ్గరికే తెస్తాడు." అత్త గోడమీది రేకులకేసి చూసింది. "మా ఆయన్ని చంపినవాడి మొహం నేను చూళ్ళేదయ్యా. కొట్టుకొచ్చిన ప్రతివాడూ వాడేనేమో అనిపిస్తుంది."

గొట్టార్దో కుంచె దించాడు. "ఎలా ఉండాలి మరి?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

కొన్నాళ్ళకు కబురొచ్చి వెళ్ళాం. తల్లి చేతిలోంచి బిడ్డను లాగుతున్నవాడి రేకు నుదుటి మీదికి లేచి ఉంది. కింద, మీసం సరిగా మొలవని మొహం. పగిలిన పెదవి. కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"వీడు కాదు," అంది అత్త. "వీడు రొట్టెల కొట్టు దగ్గర మన ముందు నిలబడేవాడిలా ఉన్నాడు."

"మా ఊరిమీదా పడ్డారమ్మా కిరాయి సైనికులు," అన్నాడు గొట్టార్దో. "వాళ్ళకి నీళ్ళు మోయించారు నాచేత. రేకులెత్తి తాగేటప్పుడు చూశాను. ఇలాగే ఉన్నారు."

అత్త ఇంటికి వచ్చేసింది. చాలా నెలలు ఆ గోడకు వీపు పెట్టే ప్రార్థన చేసుకుంది. ఈస్టరు ముందరి తపస్సు కాలంలో ఒకరోజు నేరుగా వెళ్ళి దాని ముందు నిలబడింది.

"నీ వయసెంతరా?" అని బొమ్మలోని కుర్రాణ్ణి అడిగింది. తర్వాత అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు.

కుట్టు మానలేదు. కొలతలివ్వడానికి వచ్చిన సైనికులను మాత్రం పేరు అడగసాగింది. కొందరు నవ్వి ఊరుకున్నారు. చెప్పినవాళ్ళ పేర్లు తన ప్రార్థనలో కలుపుకుంది.

మరుసటి చలికాలం జ్వరంతో పోయింది. పాతిపెట్టే వేళకు వాన పట్టుకుంది. మేమెవరం ఎరగని ఇద్దరు సైనికులు, శిరస్త్రాణాలు చంకన పెట్టుకుని, తలలు తడుస్తున్నా చివరిదాకా నిలబడ్డారు.