చీమలు పట్టిచ్చిన ముడులు

నా చిన్నప్పుడు నేను ఆరో తరగతి రెండేళ్లు చదివాను. రెండేళ్లు కలిసి ఉన్నా దానికి నేను అర్థం కాలేదు, నాకు అది అర్థం కాలేదు. చివరికి పెద్దమనుషుల తగువు లేకుండా ఇద్దరం మర్యాదగా విడిపోయాం. ఆ తర్వాత అది ఎంతమందిని గట్టెక్కించిందో తెలియదు గాని, నేను మాత్రం అనకాపల్లిలో పెళ్లికీ పేరంటానికీ షామియానాలు కట్టి గట్టెక్కాను. మా పందిరి గాలికి ఊగుతుంది, వానకి తడుస్తుంది, ఊడి మాత్రం రాదు. ఆ ముడి వేయడం నాకు బడి నేర్పలేదు. మా మేనత్త నేర్పింది, అదీ చీమల చేత.

మా మేనత్తకి అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు, మాతోనే ఉండేది. పొద్దున్నే లేచి గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేచేది. వీధిలో సగం జాకెట్లు ఆమె చేతివే. చదువు మాత్రం ఐదో తరగతితో ఆగిపోయింది. అందుకేనేమో మా ఇంట్లో నన్ను చదువు గురించి తిట్టని మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఏడు మా పేటలో మహిళా సంఘం వాళ్లు కొత్తగా ఒక హాలు కట్టారు. అక్కడ ఆడపిల్లలకి కుట్టుపని, అద్దకం నేర్పడానికి ఒక టీచరు కావాలన్నారు. మేనత్త వెళ్లి అడిగింది. అప్పటికే సర్టిఫికెట్టు ఉన్న ఒకావిడ వచ్చి కుర్చీలో కూర్చుని ఉందట. సంఘం అధ్యక్షురాలు మంచావిడే, ఐదో తరగతి అని తీసిపారెయ్యలేదు. హాల్లో ఎదురుగా బోసిగా ఉన్న పెద్ద గోడని చూపించి, ఆ గోడ నిండేలా అద్దకం గుడ్డ ఒకటి చేసి వచ్చే ఆదివారానికి తెమ్మంది. అందరికీ నచ్చితే ఉద్యోగం నీదే, లేకపోతే ఆవిడదే అని తేల్చేసింది.

మేనత్త ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు మా నాయనమ్మ పెదవి విరిచింది. కుట్టుకునేదానికి ఇప్పుడీ ఆరాటమేటని అడిగింది. దానికి మేనత్త ఇచ్చిన జవాబు నాకిప్పటికీ గుర్తుంది.

“ఈ ఊళ్లో అందరూ నన్ను జాకెట్టు పిల్లా అనే పిలుత్తారమ్మా. ఒక్కరు, ఒకే ఒక్కరు టీచరమ్మా అని పిలిత్తే సాలు.”

నాయనమ్మ లేచింది. లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరిచి, పోయిన మా తాతయ్యవి నాలుగు తెల్ల పంచెలు తెచ్చి మేనత్త ఒళ్లో పెట్టింది. ఏళ్ల తరబడి ఎవర్నీ ముట్టుకోనివ్వని పంచెలవి. పాడైతే మళ్లీ తేవడానికి తాతయ్య లేడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

నాలుగు పంచెలూ కలిపి కుడితే మా వసారా అంత గుడ్డ తయారైంది. దాన్ని ముందు పసుపు రంగులో ముంచి ఆరేశారు. పద్ధతి ఇదీ: పసుపు చుక్క ఎక్కడ నిలవాలో అక్కడ గుడ్డలోపల ఒక చింతగింజ పెట్టి, దాని చుట్టూ దారం బిగించి కట్టాలి. అప్పుడు ఎర్రరంగులో ముంచితే ముడి లోపలికి ఎరుపు పోదు. ఆ పైన ఎరుపు నిలవాల్సిన చోట్ల ముడులు వేసి ముదురు నీలంలో ముంచాలి. చివర్లో అన్నీ విప్పితే నేరేడుపండు రంగు గుడ్డ మీద ఎర్రటి వలయాలు, పసుపు చుక్కలు. మధ్యలో పెద్ద సూర్యుడు ఉండాలని మేనత్త ఆశ.

ముడులు వేయడానికి నన్ను కూర్చోబెట్టింది. ఎడమవైపు కింది మూల నాది. దారం పది చుట్లు చుట్టి, ప్రతి చుట్టుకీ లాగి, ముడి పడ్డాక ఇంకోసారి లాగి చూడమంది. మొదటి వరుస అలాగే వేశాను. రెండో వరుసలో ఉండగా వీధిలో గోళీలాట మొదలైంది. పది చుట్లు ఆరయ్యాయి, ఆరు మూడయ్యాయి. ఆఖరి వరుసలకి వచ్చేసరికి దారం చింతగింజని పలకరించి వదిలేసింది. పైనుంచి చూస్తే అన్ని ముడులూ ఒకేలా ఉన్నాయి. మంచి ముడికీ దొంగముడికీ మొహంలో తేడా ఉండదని ఆ వయసులోనే కనిపెట్టి, గోళీలకి పరుగెత్తాను.

ఎర్రరంగు రోజు వచ్చింది. అంత గుడ్డ పట్టే గిన్నె ఏ ఇంట్లో ఉంటుంది? మా బంధువుల ఊరి నుంచి బెల్లం వండే పెనం బండి మీద వేసుకొచ్చారు. చెరకు పని అయిపోయిన కాలం కాబట్టి అది ఖాళీగానే ఉంది. ముగ్గురు మనుషులు కూర్చుని స్నానం చేయొచ్చు, అంత పెనం. పెరట్లో రాళ్ల పొయ్యి పెట్టి, నీళ్లు కాచి, రంగు పొట్లాలు కలిపి మేనత్త రంగులో వేసే ఉప్పు కోసం లోపలికెళ్లింది.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. నా దొంగముడుల్లోకి రంగు దూరిపోతే ఎలా? సరిగ్గా ఆ వారమే పక్కింటి డాబా మీద సున్నం వేస్తున్న మేస్త్రీ, సున్నంలో బెల్లం నీళ్లు కలుపుతూ, బెల్లం పడితే పట్టు నూరేళ్లు వదలదని చెప్పాడు. సున్నానికి పట్టు ఇచ్చేది రంగుకి ఇవ్వదా? బెల్లం ఊళ్లో పుట్టినవాడికి వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. వంటింట్లోంచి కొబ్బరికాయంత బెల్లం ముద్ద తెచ్చి, మేనత్త తిరిగొచ్చేలోగా పెనంలో పడేశాను. అది చప్పుడు లేకుండా కరిగిపోయింది. నా బద్ధకం మీద నా తెలివితేటలు కప్పేశానని చాలా తృప్తిగా అనిపించింది.

గుడ్డని ముంచి తీసి, ఒకసారి మంచినీళ్లలో జాడించి, ముడులతోనే వసారాలో దండెం మీద ఆరేశారు.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ కేకకి వీధి లేచింది.

“ఓలమ్మో! మీ తాత పంచెలకి పుట్ట పట్టిందే!”

ఎర్రటి గుడ్డంతా నల్లచీమలు. గోడ మీదినుంచి ఒక దారి, దూలం మీదినుంచి ఒక దారి, తిరునాళ్లకి వచ్చినట్టు వస్తున్నాయి. మేనత్త గుడ్డ అంచు పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత ఆ అంచుని నాలికకి తాకించింది. తలతిప్పి నావైపు చూసింది. నేను దూలం వైపు చూశాను.

“అల్లుడూ, రంగులో ఏటేసేవురా?”

“పట్టు ఉంటాదని…” అన్నాను. మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

ఆదివారానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. గుడ్డని దులిపి, నీళ్లలో ఇంకోసారి జాడించి, మళ్లీ దండెం మీద వేసింది. మిగిలిన బెల్లం ముక్కొకటి గోడవార పెట్టింది. చాలా చీమలు అటు మళ్లాయి. కొన్ని మాత్రం పోలేదు. గుడ్డ మీదే తిరుగుతూ కొన్ని ముడుల దగ్గర ఆగి, లోపలికి దూరుతున్నాయి. పక్క ముడిని వాసన చూసి వదిలేస్తున్నాయి.

మేనత్త గుడ్డకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని అది చూసింది. తర్వాత బట్టల మీద గీతలు గీసే సుద్ద నా చేతిలో పెట్టి, చీమలు ఏ ముడిలోకి దూరుతున్నాయో ఆ ముడి పక్కనల్లా గీత పెట్టమంది. ఎందుకో తెలియకుండానే మొదలుపెట్టాను. మేనత్త కట్టిన వైపు వెతికి వెతికి నాలుగు గీతలు పెట్టాను. ఎడమవైపు కింది మూలకి వచ్చేసరికి సుద్ద అరిగిపోయింది. ఒక్క మొదటి వరుస తప్ప మూలంతా తెల్లగా గీతలే. వదులు ముడిలోకి దూరిన తీపి రంగు నీళ్లకి పోలేదు, బిగువు ముడిలోకి అసలు దూరనే లేదు. చీమలకి ఆ తేడా తెలిసిపోయింది. నా మూల అని ఎవరూ చెప్పక్కర్లేదు. సంతకం పెట్టినట్టే ఉంది.

నేను సుద్ద పట్టుకుని నిలబడిపోతే మేనత్త నవ్వింది.

“సీమ ఏ బడికెల్లిందిరా? దానికే సర్టిఫికెట్టుంది? ముడి వదులో బిగువో ఎలా కనిపెట్టీసిందో సూడు!”

ఆ మాట నన్ను అన్నదో, తనకి తాను చెప్పుకున్నదో అప్పుడు తెలియలేదు. ఆ మాట తర్వాత మాత్రం ఆమె మొహంలో భయం కనిపించలేదు. గీతలున్న ముడులన్నీ విప్పించింది. పసుపు చుక్కలు ఉండాల్సిన చోట ఎరుపు దూరి, అంచులు చెదిరిన నారింజ మచ్చలు పడ్డాయి. పసుపు ఇక రాదు. నేను మళ్లీ ఏడుపు మొదలుపెట్టబోతే, ఆ నారింజ మచ్చలనే కాపాడమంది. ఒక్కొక్క మచ్చనీ చింతగింజ మీదికి తెచ్చి, చుట్టూ మళ్లీ కట్టమంది. అంతా నన్నే కట్టమంది. తను పక్కన కూర్చుని ఎరుపు నిలవాల్సిన వలయాలు కట్టుకుంది తప్ప నా మూల మీద చెయ్యి వెయ్యలేదు.

ఆ రోజంతా కట్టాను. పది చుట్లు చుట్టి, పంటితో దారం పట్టి లాగాను. వేళ్లకి గాట్లు పడ్డాయి. వీధిలో గోళీలాట మొదలై, ముగిసి, గొడవై, మళ్లీ మొదలైంది. నేను లేవలేదు. సాయంత్రం మేనత్త వచ్చి నా ముడుల్లో ఒకదాన్ని గోటితో గిల్లి చూసింది, రెండోదాన్ని చూసింది, మూడోదాన్ని చూడకుండానే లేచిపోయింది. ఆ చూడని మూడో ముడే నాకు ఆ ఏడాది వచ్చిన పెద్ద మార్కు.

మర్నాడు నీలంలో ముంచే ముందు మాత్రం నన్ను పెనానికి పది అడుగుల దూరంలో నిలబెట్టి, చేతులు రెండూ పైకెత్తించి, నిక్కరు జేబులు తిరగదీయించింది. నమ్మకం నమ్మకమే, బెల్లం బెల్లమే.

ఆదివారం తెల్లారగట్ల ముడులు విప్పాం. విప్పడమంటే ఒక్కొక్కటీ కాదు. గుడ్డకి ఇటు నేనూ నాయనమ్మా, అటు మేనత్తా పట్టుకుని ఒక్కసారి అడ్డంగా లాగితే దారాలు టపటపా తెగి, చింతగింజలు వసారా నిండా వడగళ్లలా రాలాయి. మధ్యలో సూర్యుడు ఎర్రగా వలయాలు వలయాలుగా ఉన్నాడు. చుట్టూ పసుపు చుక్కలు. ఎడమవైపు కిందికి వచ్చేసరికి పసుపు పోయి నారింజ, ఇంకా కిందికి ముదురు నారింజ. పొద్దు అటే వాలుతున్నట్టు ఉంది. నాయనమ్మ గుడ్డని తడిమి, మీ తాత ఈ పంచెలు ఎన్ని పెళ్లిళ్లకి కట్టినా ఇంత అందంగా ఎప్పుడూ కనపడలేదంది.

హాల్లో నలుగురు బల్లలెక్కి ఆ గుడ్డని గోడకి కట్టారు. కిందికి జారవిడిచేసరికి అంతదాకా గోలగోలగా ఉన్న ఆడవాళ్లంతా గోడ వైపు తిరిగారు. ముందుగా లేచింది ఆ సర్టిఫికెట్టు ఆవిడే. తిన్నగా నా మూల దగ్గరికి వచ్చి, వంగి, పసుపుని నారింజలోకి ఇలా ఎలా దించారని అడిగింది. నేను నేలలోకి కూరుకుపోయాను. మేనత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అది నేను కట్టింది కాదమ్మా. మా అల్లుడు కట్టేడు. రెండుసార్లు కట్టేడు.”

అంతే. దొంగముడుల మాట గాని, బెల్లం మాట గాని ఆమె నోట రాలేదు. అందరూ నావైపు తిరిగి చూశారు. బడిలో కూడా అందరూ నావైపు చూసేవారు గాని, అది వేరే చూపు. అధ్యక్షురాలు గోడనీ మేనత్తనీ మార్చి మార్చి చూసి, అందరూ వినేలా అంది: “రేపటి నుంచి వచ్చెయ్యండి, టీచరమ్మా.”

మేనత్త అక్కడ నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చి నాయనమ్మ ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఓపిక ఉన్నన్నేళ్లూ ఆ గోడ ముందు నిలబడి పాఠం చెప్పింది. ఈ ఊళ్లో ఇప్పుడు ఆమెని జాకెట్టు పిల్లా అని పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు.

నాకు మిగిలింది లాగి చూసే అలవాటు. పందిరి వేయడం అయిపోయాక కుర్రాళ్లు టీ తాగుతుంటే నేను చుట్టూ తిరిగి ఒక్కో తాడునీ లాగి చూస్తాను. వాళ్లు వెనకనుంచి “సీమ బావ బయల్దేరేడ్రా” అని నవ్వుకుంటారు. నవ్వనీ. పైకి ఒకేలా కనిపించే ముడులు గాలి వచ్చినప్పుడు ఒకేలా ఉండవు. ఆ గాలి రాకముందే ఎవరో ఒకరు తిరిగి చూడాలి.

హాలుకి మరమ్మతులు చేసినప్పుడు ఆ గుడ్డని మేనత్తకే ఇచ్చేశారు. రంగు కాస్త వెలిసినా ఇప్పుడు ఆమె ఇంటి గోడ మీద ఉంది. మొన్న నా మనవరాలు ఫోనులో ఏదో చూసి, తనూ గోడకి అలాంటిదే ఒకటి ఇంట్లో చేస్తానని రబ్బరు బ్యాండ్లు పట్టుకుని మేనత్త దగ్గర కూర్చుంది. పిల్ల ముందు గొప్ప చెప్పుకోవాలనిపించి, ఆనాటి కథంతా చెప్పి, ఆ బెల్లం నేను వేయకపోయి ఉంటే వదులు ముడులు తెలిసేవే కావని, అందుకని మీ తాతమ్మకి ఆ ఉద్యోగం నా వల్లే వచ్చిందని ముగించాను.

మేనత్త కళ్లజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“నీ వల్లేటిరా? నాకు ఉజ్జోగం ఇప్పించినవి సీమలు, నీకు పని నేర్పినవీ అయ్యే. నా వాటా కూలి ఇన్నేళ్లూ రోజూ పొద్దున్నే గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గేసి ఇచ్చుకుంటన్నాను. నీ వాటా ఎప్పుడిత్తావు, అల్లుడూ?”