ఎలుగుబంటికి చిరునవ్వు

ప్రాగ్‌లోని బొమ్మల సినిమా స్టూడియోలో ఓటకర్ కథలూ రాసేవాడు, బొమ్మల్నీ ఆడించేవాడు. తలుపు చప్పుడైతే చాలు, అతని గుండె గుబేలుమనేది. ఒకసారి ప్రభుత్వం వాళ్లు అతని సినిమాను నిషేధించి, మూడేళ్లు పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. అప్పటినుంచీ, ఎప్పుడెవరొచ్చి పొమ్మంటారోనని కాఫీ కూడా నిలబడే తాగేవాడు. చెక్కబొమ్మ చెయ్యి వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో, మళ్లీ జరిపి ఇంకో ఫోటో తీసేటప్పుడు మాత్రమే అతని వేళ్ల వణుకు ఆగేది.

ఆ చలికాలం, ఇల్లు పోగొట్టుకున్న ఎలుగుబంటి కథ తీశాడు. దాన్ని చూసి అనుమతివ్వడానికొచ్చిన కమ్యూనిస్టు పార్టీ అధికారి హలీనెక్ ముఖం చిట్లించాడు.

"దీనికి నోరేదయ్యా? ఇక్కడెవర్నీ నోరు విప్పనివ్వరనా నీ ఉద్దేశం?"

ఓటకర్ గబగబా తల అడ్డంగా ఊపాడు. "అయ్యో, లేదండీ! మీరెలా అంటే అలాగే."

"అయితే నవ్వుతూ ఉండాలి. మొదట్నుంచీ చివరిదాకా."

"సిగ్గులేకుండా ఒప్పేసుకున్నావా?" అని కెమెరా చూసే బ్లాజెనా మండిపడింది.

"మళ్లీ ఇంట్లో కూర్చోలేనమ్మా," అన్నాడతను. ఎర్రరంగుతో చిరునవ్వు గీసి, సినిమా అంతా మళ్లీ తీశాడు.

వసంతంలో వేసి చూపించారు. కాలిపోతున్న ఇంటిముందు ఎలుగుబంటి నవ్వుతూ నిలబడింది. మంచులో పిల్లల్ని వెతుకుతూ నవ్వింది. వాళ్లు దొరకనప్పుడూ నవ్వింది. చీకట్లో ఎవరో వెక్కారు. "ఆ నవ్వు..." అని నసిగిన హలీనెక్, చుట్టూ చూసి ఆగిపోయాడు. అది పెట్టమన్నది తనేనని అక్కడ అందరికీ తెలుసు. అనుమతి పత్రం మీద సంతకం గీకేసి గబగబా వెళ్లిపోయాడు.

"గెలిచావయ్యా!" అంది బ్లాజెనా.

ఓటకర్ భయంగా తలుపువైపు చూశాడు. "నేను కావాలనే చేశాననుకుంటాడేమో!"