నేను చూశానన్న గోడ

ఇన్నేళ్ళుగా నా గుండె మీద ఉన్న బరువు ఒకే ఒక్క మాటది. లేనిదాన్ని ఉందన్నాను. అన్నది మా ఆయనతో. ఆయన నమ్మాడు. ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు మీకు రాస్తున్నాను.

మా ఆయన కడపలో సైన్సు చెప్పే అయ్యవారు. ప్రతి వేసవికీ రైలెక్కి మద్రాసు అవతలి సముద్రపు ఒడ్డుకు పోయి, రాళ్ళకు పట్టిన పచ్చటి పాచిని సీసాల్లో తెచ్చేవాడు. నేనేమో సముద్రం మొహమే ఎరగను. "ఈడ తాగే నీళ్ళకే అల్లాడతాంటే, మీ ఆయప్పకు సముద్రపు పాచి ఎందుకమ్మా?" అని పక్కింటి బీబీ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ సీసాలు తుడిచి వరస పెట్టేది మాత్రం నేనే.

మా నాయన మగ్గం నేసేవాడు. చీర అంచులకు పువ్వులు గీసి అలవాటైన చెయ్యి నాది. అందుకే ఆయన చూపు మసకబారాక, మైక్రోస్కోపులో చూసి పాచి బొమ్మలు గీసే పని నాకొచ్చింది. "నా కండ్లు నీ మొగంలో ఉండాయిలే" అనేవాడు. ఆ మాటకు ఎంత మురిసిపోయానో!

ఒక రకం పాచి మీద ఆయనకు ఆశ పుట్టింది. దువ్వెన పళ్ళలాంటి సన్నటి కొమ్మలు. కొమ్మ మొదట్లో, లోపల అడ్డంగా పొరలాంటి గోడ ఉంటే అది లోకానికి కొత్త జాతి. లేకుంటే అందరూ ఎరిగిన పాతదే. దానికోసం ఏళ్ళ తరబడి తిరిగాడు. చివరికి ఒక వేసవి జ్వరంతో ఇల్లు చేరి, కాస్త లేచి కూర్చోగలిగిన రోజునే నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు.

చూశాను. గోడ లేదు. ఇంకో కొమ్మ చూశాను. అందులోనూ లేదు.

"ఏమ్మే, గోడ ఉండాదా?"

తలెత్తాను. దుప్పటి కప్పుకుని, చిన్నపిల్లాడిలా నా నోటివైపే చూస్తున్నాడు.

"ఉండాది," అన్నాను.

"అన్నిట్లోనా?"

"అన్నిట్లో. సన్నగా కనపడతాంది."

ఎందుకన్నాను? ప్రేమ అనుకున్నాను. నిజంగా ప్రేమేనా, లేక ఆ ముఖం వాడిపోతుంటే చూసే ధైర్యం నాకు లేకపోయిందా? ఇవాళ్టికీ తేల్చుకోలేను. అనడమే కాదు, గోడ గీశాను కూడా. శాస్త్ర పత్రికలో బొమ్మ అచ్చయింది. ఆ కొత్త జాతికి ఆయన నా పేరే పెట్టాడు. ముందు చెప్పలేదు. పత్రిక చేతికిచ్చి "చదువు" అన్నాడు, అంతే. ఆ పూట బెల్లం పాయసం చేయించుకుని రెండుసార్లు పోయించుకున్నాడు. నా వంతు పక్కింటి బీబీకి ఇచ్చేశాను.

స్వాతంత్ర్యం వచ్చే ముందు ఆయన పోయాడు. కొన్నాళ్ళకు, ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన పలకరించడానికి వచ్చాడు. ఆ రాళ్ళ మీది పాచిని తానూ పరీక్షించాడట.

"గోడ యాడా లేదమ్మా. అయ్యవారికి అప్పటికే కండ్లు శానా మసక గదా, పొరబడినట్టుండాడు," అన్నాడు నొచ్చుకుంటూ.

నేను తలూపాను.

అబద్ధం కంటే ఆ తలూపడమే నన్ను ఎక్కువ తింటోంది. బతికుండగా ఆయన మనసు నొప్పించలేనిదాన్ని, పోయాక నా తప్పును ఆయన కళ్ళ మీదికి ఎలా నెట్టగలిగాను? తెలిస్తే ఆయన నవ్వి ఊరుకునేవాడేమో. అలా అనుకుని తేలికపడే హక్కు నాకు లేదు.

ఆయన పొరబడలేదు. చూసింది నేను. గోడ లేదు. ఇన్నాళ్ళకు రాయగలిగాను.