మొలోబాలి పెనాల్టీ, వాసా కోనె బొబ్బర్ల పిండి

సెగూలో మా పేటలో పుట్టిన మొలోబాలి దెంబెలె నైజర్ ఏటి ఒడ్డు ఇసుకలో ఉత్తకాళ్ళతో బంతి తన్ని, రాజధాని బమాకోలో ఒక క్లబ్బుకూ, అక్కడినుంచి బెల్జియంలో ఒక రెండో శ్రేణి జట్టుకూ వెళ్ళాడు. అక్కడ వాడి పేరు సరిగా పలికేవాళ్ళు కూడా లేరు. ఇక్కడ మాత్రం మంగలి షాపు గోడ నిండా వాడి బొమ్మే. పేటలో కొత్తగా పుట్టిన మగపిల్లల్లో సగం మంది మొలోబాలిలే.

ఈ ఏడు ఎట్టకేలకు జాతీయ జట్టు నుంచి పిలుపొచ్చింది. పెద్ద పోటీలో చివరి పెనాల్టీ వాడి కాలికే వచ్చింది. బంతి గోలు పైనుంచి ఎగిరిపోయింది. గెలిపించి ఉంటే దేశం బిడ్డ అయ్యేవాడు. ఓడించాడు గనక మా పేటవాడిగా మిగిలాడు. తెల్లారేసరికి గోడ మీది మొహానికి ఎవడో బురద కొట్టాడు. ఆ కొట్టినవాడు మాలో ఒకడేనని అందరికీ తెలుసు.

వానాకాలం సెలవులకు ఇంటికొచ్చిన మొలోబాలి, జ్వరమని చెప్పి గది దాటలేదు. ఏటా పేట కప్పు ఫైనల్లో మొదటి తన్ను వాడిదే. ఈసారి వస్తాడా రాడా అని అందరికీ బెంగ. పెద్దలు వచ్చి "అల్లా రాత, నాయనా" అని మెల్లగా చెప్పి, టీ తాగి పోయేవారు. పెనాల్టీ మాట ఒక్కరూ ఎత్తలేదు. ఆ మర్యాదే వాణ్ణి చంపుతోంది.

ఫైనల్ రోజు మధ్యాహ్నం, బొబ్బర్ల వడలమ్మే వాసా కోనె వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. కోనెలకూ దెంబెలెలకూ తాతల నాటి ఎకసెక్కాల వరస. బానిసవనీ, బొబ్బర్లు మెక్కేవాడివనీ ఒకరినొకరు దెప్పుకోవడం ఆనవాయితీ; ఒకరు ఎంత మాటన్నా రెండోవారికి కోపం రాకూడదు.

"ఏడీ నా బానిస? బొబ్బర్లు మెక్కి పొట్టుబ్బి పడుకున్నాడా?"

వాసా గది తలుపు దబదబా బాదింది.

"ఒరేయ్, నువ్వు తన్నిన బంతి ఇంకా కింద పడలేదట. ఏటి మీద కొంగలు గోల పెడుతున్నాయి, ఎవడిదో వచ్చి తీసుకుపొమ్మని."

వాకిట్లో ఉన్నవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తలుపు తెరుచుకుని మొలోబాలి బయటికొచ్చాడు.

"నీ వడలు తిని బతికి బట్టకట్టినవాడు ఎవడే ముసలీ? కోనెలకు నోరు తిరిగినట్టు గరిటె తిరగదు."

"అయితే పద. గోలు దగ్గర నేను నిలబడతా. కొట్టు, చూద్దాం."

మైదానంలో వాసా జల్లిగరిటె పట్టుకుని గోలు ముందు నిలబడింది. పక్కనే, ఎప్పటిలా, ఆమె పొయ్యీ పిండి బేసినూ. మొలోబాలి నవ్వాపుకోలేక తన్నాడు. ఆ ఏటి మొదటి తన్ను అదే. బంతి స్తంభానికి తగిలి, పక్కకు ఎగిరి, సరిగ్గా పిండిలో పడింది.

వాసా మొహాన పడ్డ పిండి తుడుచుకుని, "చూశారా, దెంబెలెల బంతికి కూడా బొబ్బర్లే కావాలి" అంది.

మైదానమంతా పడీ పడీ నవ్వింది. బురద కొట్టినవాడూ నవ్వే ఉంటాడు. పాడైన పిండికి బదులు వాసా ఇంటి దగ్గర నానబెట్టిన మిగతా బొబ్బర్లు తెప్పించారు. సగం ఆట అయ్యేదాకా మా బెల్జియం ఆటగాడు రోలు ముందు కూర్చుని వాటిని దంచుతూనే ఉన్నాడు. దారిన పోయే ప్రతి కోనె ఆ పెనాల్టీ గురించి ఒక మాట విసిరాడు. మొలోబాలి ఒక్కడికీ బాకీ ఉంచలేదు.