కాళ్ళకు కట్టుకున్న చేటలు

రైల్వేవాళ్ళకు పాసు అంటే సొంతూరే. ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో మా వరస క్వార్టర్లన్నిటిలోనూ అంతే. పెళ్ళికో, చావుకో, పిల్ల పురిటికో పాసు రాయించుకోవడం, ట్రంకుపెట్టె, మరచెంబు పట్టుకుని రాత్రి బండి ఎక్కడం, తెల్లారేసరికి మనవైపు కొండలు కనిపించడం. మా అత్తయ్య కాపురానికి ఖరగ్‌పూర్ వచ్చిన నాటినుంచి మావయ్యగారు పోయేదాకా వాళ్ళు రాయించుకున్న పాసులన్నిటి మీదా ఒకటే స్టేషను పేరు. దేశమంతా తిరగగలిగిన పాసులు అవి. ఆవిడ మాత్రం ఆ ఒక్క దారిలోనే అటూ ఇటూ తిరిగింది.

మా వంటింట్లో గోడకు ఒక పాత క్యాలెండరు ఉండేది. గోల్ బజార్‌లో మనవైపు ఆయన నడిపే బట్టల కొట్టువాళ్ళు ఇచ్చింది. దాని మీద మంచుకొండ బొమ్మ. ఏడాది అయిపోగానే క్యాలెండర్లన్నీ పుస్తకాలకు అట్టలు అయిపోయేవి కానీ దీన్ని మాత్రం అత్తయ్య చింపనివ్వలేదు. కింద నెలల కాగితాలు పోయి బొమ్మ ఒక్కటే మిగిలింది. దాని కింద కూచుని బియ్యం చెరుగుతూ ఒకనాడు నన్ను అడిగింది.

"ఆ కొండ ఎనకాల ఏటుంటాదే?"

"ఇంకో కొండ ఉంటుంది అత్తయ్యా."

"బీయే సదివి నువ్వు సెప్పింది ఇదా? అది నాకూ తెలుసును" అని చేటను ఇంకోసారి ఎగరేసింది.

ఆ చలికాలం సొంతూళ్ళో జరగాల్సిన పెళ్ళి ఒకటి వాయిదా పడింది. సంవత్సరం దాటితే పాసు మురిగిపోతుంది. వర్క్‌షాపు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ మా ఆయన అన్నారు, "అమ్మా, ఈసారి సిమ్లా రాయించీనా?" అత్తయ్య లేచి వెళ్ళి క్యాలెండరు మీద బూజు దులిపింది.

నాకు ఇష్టం లేదు. పాపకు అప్పటికి రెండేళ్ళు. పడిశం పట్టిందంటే గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇక్కడి చలికే నేను దాని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని. అయినా మా వరసలో అందరిళ్ళనుంచీ ఉన్ని బట్టలు వచ్చి పడ్డాయి. ఎవరు చల్లటి చోటికి వెళ్ళినా అందరూ తలా ఒకటి ఇవ్వడం మా కాలనీలో మామూలే. పక్కింటి గార్డుగారి ఓవర్‌కోటు అత్తయ్యకు మడమల దాకా వచ్చింది. "సీమంతా సూసి రా పిన్నీ" అని నవ్వింది గార్డుగారి భార్య.

హౌరాలో బండి మారి, కాల్కాలో చిన్న బండెక్కి, సిమ్లా చేరాం. మరునాడు బస్సులో ఇంకా పైకి వెళితే రోడ్డు పక్కన ఒక రేకుల ఇల్లు. అక్కడ ఉండే ముసలాయన మంచు మీద నడిపించి తీసుకువెళ్ళే గైడు. తెల్లదొరల కాలంనుంచీ అదే పని. రబ్బరు బూట్లు, చేతికర్రలు, ఇంకా మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునేవి కొన్ని ఆయన దగ్గర ఉన్నాయి. వంచిన కర్ర చట్రానికి అడ్డంగా నిలువుగా తోలుపట్టీలు అల్లి ఉన్నాయి. నాకు బ్యాడ్మింటన్ బ్యాట్లు గుర్తొచ్చాయి. అత్తయ్యకు వేరేగా కనిపించాయి.

"ఓలమ్మ, సేటలు. సేటలు కాళ్ళకు కట్టుకుంటారా?"

చేటకు పొరపాటున కాలు తగిలినా కళ్ళకద్దుకునే మనిషి. చెప్పులు తొడుక్కోగా నేనెప్పుడూ చూడలేదు. బూట్లలో కాళ్ళు దూర్చడమే ఒక గొడవ అయింది. ఆ తర్వాత రెండు చట్రాలూ చేతుల్లోకి తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి కళ్ళకద్దుకుని, మంచులో పెట్టి, వాటిమీద కాలు మోపింది. గైడు నవ్వలేదు. మోకాళ్ళ మీద కూచుని వార్లు బిగించాడు.

చిన్నపిల్లల్ని రానివ్వనన్నాడు. "మీరిద్దరూ ఎల్లండి. నాను రోజూ నడుస్తానే ఉన్నాను. పాపను నాను సూసుకుంటాను" అన్నారు మా ఆయన. ఆయనకు పాపకు పాలు ఎంత వేడిగా ఉండాలో తెలియదు. టోపీ లాగేస్తే మళ్ళీ పెట్టాలని తెలియదు. ఇవన్నీ చెబుతూ నిలబడ్డాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆడి కూతురే కదే. తినీడులే."

మాతో కలకత్తా నుంచి వచ్చిన ఒక బెంగాలీ దంపతులు ఉన్నారు. బయలుదేరే ముందు గైడు మా నలుగురినీ నిలబెట్టి తన నియమం చెప్పాడు. ఒకరు వెనక్కి తిరిగితే అందరూ తిరగాలి. మంచులో ఎవర్నీ ఒంటరిగా పంపడు, ఎవర్నీ ఒంటరిగా ఆపడు. అందరం సరే అన్నాం.

కాళ్ళు ఎడంగా పెట్టి, కొద్దిగా ఎత్తి వెయ్యమన్నాడు. నా చీర కుచ్చిళ్ళు తడిసి బరువెక్కి, ఒక చట్రం మీద ఇంకో చట్రం పడి, రెండుసార్లు కూలబడ్డాను. అత్తయ్య ఎప్పుడో గోచీ బిగించేసింది.

"నెల్లు నిండిన దానిలా నడవమంటన్నాడే, అంతే. నలుగుర్ని కన్నాను, నాకు రాదా" అంటూ నన్ను దాటిపోయింది. కాసేపటికి గైడు వెనకే ఉంది. "ఆస్తే చలో దాదా, మేరా బహూ పీఛే హై" అని, కోడలు వెనకుంది మెల్లగా నడవమని, ఆయనకు చెబుతూనే తను ఆగడం లేదు. ఓవర్‌కోటు వెనకనుంచి ఆవిణ్ణి చూస్తే ఎవరో కుర్రవాడు నడుస్తున్నట్టుంది. మంచు నలిగే చప్పుడుకు ఆవిడ తలూపుకుంటోంది. "ఉప్పు మీద నడిసినట్టుంది" అంది.

పైన దేవదారు చెట్ల వరస. అది దాటితే శిఖరం అంచు, అక్కణ్ణించి అవతలివైపంతా కనిపిస్తుందన్నాడు గైడు. ఇంకెంత దూరమని బెంగాలీ ఆయన అడిగితే, ఒక బీడీ కాలేంత అన్నాడు.

నేను వెనక్కి చూశాను. ప్రతి మలుపులోనూ చూస్తూనే ఉన్నాను. కింద రేకుల ఇల్లు అగ్గిపెట్టెంత ఉంది. దాంట్లోంచి మా ఆయన బయటికి వచ్చారు. భుజం మీద పాప. రోడ్డు వైపు గబగబా నడుస్తున్నారు, దాదాపు పరిగెడుతున్నారు. ఇంటి వెనక్కి తిరిగి కనిపించకుండా పోయారు.

పాపకు ఊపిరి ఆడడం లేదనుకున్నాను. బస్సు కోసం పరిగెత్తారనుకున్నాను. ఇంకేదీ నా తలలోకి రాలేదు. "నేను వెళ్ళిపోతాను" అన్నాను. గైడు నియమం గుర్తుచేశాడు. చెట్లు చూపించాడు. "ఆరే బౌమా, ఇంతదాకా వచ్చి..." అని బెంగాలీ ఆయన నామీద విసుక్కున్నారు. ఆయన భార్య ఆయన చెయ్యి గిల్లింది. నాకు ఏడుపు వచ్చేసింది.

అత్తయ్య చెట్లకేసి ఒకసారి చూసింది. చాలాసేపు కాదు. "నీచే చలో దాదా" అంది, కిందికి చెయ్యి చూపిస్తూ. "దీన్ని పైకి లాగినా దీని పేణం కిందే ఉంటాది."

దిగుతున్నంతసేపూ నా ముందు నడిచింది. ఉప్పు మాట మళ్ళీ అనలేదు.

కింద, ఇంటి వెనకాల కంచరగాడిదలకు గడ్డి వేస్తుంటే పాప చూస్తోంది. అది చూపించడానికే మా ఆయన అలా పరిగెత్తారట. పాప ముక్కు ఎర్రగా ఉంది, టోపీ నెత్తిమీదే ఉంది. నేను ఎత్తుకోబోతే నన్ను తోసేసి మళ్ళీ గాడిదలకేసి చేతులు చాపింది.

"అప్పుడే వచ్చీసినారేటి?" అన్నారు ఆయన.

"కాళ్ళు నొప్పెట్టినాయిరా నాకు" అంది అత్తయ్య.

ఆ రాత్రి మంచు కురిసి రోడ్డు మూసుకుపోయింది. రోడ్డు తెరిచేసరికి మా రిజర్వేషను రోజు వచ్చింది.

ఇంటికొచ్చాక ఓవర్‌కోటు తిరిగివ్వబోతే గార్డుగారి భార్యా, ఇంకో ఇద్దరు ముగ్గురూ మా వరండాలో చేరారు. "ఏటి పిన్నీ, మీ బీయే కోడలు కొండెక్కిందా, సగంలో సతికిలబడిందా?" అని అడిగింది ఆవిడ. నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను.

"ఎక్కకేటి" అంది అత్తయ్య. "అదే ముందు, నాను ఎనక. సివరంటా ఎల్లినాం."

"అవతల ఏటుంది?"

గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. అత్తయ్య చెప్పింది. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకోటి, ఆఖరిది ఆకాశమో కొండో తెలియదట. మధ్యలో లోయ, లోయలో పొగ, ఆ పొగలో ఎక్కడో గంట మోగిందట. ఆవిడ గొంతులో తడబాటు లేదు. నా మొహం చూడలేదు. ఆ తర్వాత రెండేళ్ళలో ఆ మాట ఎంతమందికి చెప్పిందో. ఒక్కోసారి లోయలో ఏరు వచ్చేది. ఒక్కోసారి చిన్న రైలు వెళ్ళేది. నేనూ ఆవిడా ఇద్దరమే ఉన్నప్పుడు మాత్రం ఆ కొండ గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నన్ను నలుగురిలో మాట పడనివ్వకూడదని అన్నదో, చూడనిదాన్ని అలా అయినా చూద్దామని అన్నదో, అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఈ వానల్లో పెరటి మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కర్ర పట్టుకుని వరండా దాకా నడిస్తే అదే గొప్ప అన్నాడు డాక్టరు. ఇప్పుడు ఆవిడ మంచం వరండాలోనే. బియ్యం చెరగడం నా వంతు అయింది.

నిన్న మధ్యాహ్నం వచ్చి చూద్దునుగదా, పాప రెండు కాళ్ళకూ రెండు చేటలు. వాళ్ళ నాన్న పాత బూటు లేసులతో కట్టి ఉన్నాయి. కట్టింది అత్తయ్యే. కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషి.

"కాళ్ళు ఎడం పెట్టు. ఆస్తే. ఆస్తే" అంటోంది మంచం మీదనుంచి.

పాప వరండా చివరిదాకా వెళ్ళింది.

"ఎనకాల ఏటుందో సూడు."

"జాంచెట్టు నానమ్మా."

"దాని ఎనకాల?"

"గోడ."

"దాని ఎనకాల?"

పాపకు విసుగొచ్చి చేటలు విప్పెయ్యమని ఏడ్చింది. నేను కూచుని ముడులు విప్పుతుంటే అత్తయ్య నాతో అంది, మెల్లగా, "పాసు ఉంది కదా ఈ యేడు. ఎల్లి రండి. పైదాకా ఎల్లి సూసి రా. నాను సెప్పినవాట్లో ఎన్ని ఉన్నాయో నాకు సెప్పు."

"మీరు లేకుండానా?"

"నాను ఎల్లొచ్చినాను కదే. ఊరంతా తెలుసు" అని నవ్వింది.

ఆ రోజు బీడీ కాలేంతసేపు నేను నడిచి ఉంటే ఈ మాట ఇలా అడగక్కర్లేదు. లోయలో ఏరు ఉందో లేదో ఆవిడే చెప్పేది.

పొద్దున్న పాసుకు స్టేషను పేరు చెప్పాలన్నారు మా ఆయన. సిమ్లా అని చెప్పాను. ఈ ఊళ్ళోనే మలంచాలో ఉన్న మా ఆడపడుచు వచ్చి అత్తయ్య దగ్గర ఉంటానంది. అత్తయ్యకు వేణ్ణీళ్ళ సీసా ఎంత వేడిగా ఉండాలో, రాత్రి ఏ వైపు తిప్పి పడుకోబెట్టాలో నేను రాసి పెట్టాలి. కాయితం తీసుకుని కూచున్నది అందుకే. రాయాల్సింది ఒక్క ముక్క రాయలేదు, ఇదంతా రాశాను. పైకి వెళ్ళాక ఈసారి వెనక్కి చూడకుండా ఉండగలనా అంటే, చెప్పలేను. కింద రేకుల ఇంటికి బదులు ఈ వరండా కనిపిస్తుంది. ఆవిడ దగ్గుతోంది. దుప్పటి జారిందేమో చూసి వస్తాను.