నెలన్నర మాత్రలు

ఎనిమిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

పిడుగురాళ్లలో బట్టలు కుట్టి బతుకుతాను. ఏడో తరగతితో బడి మానేసినా, లైబ్రరీలో రెండు బీరువాల పుస్తకాలు చదివాను. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పుకునేదాన్ని. పక్కింటి అమ్మాయి సున్నపు బట్టీలో పనిచేసేది, చదువు రాదు. కడుపుతో ఉన్నప్పుడు సర్కారు ఆసుపత్రి పరీక్షలో ఆమెకు హెచ్‌ఐవి ఉందని తేలింది. భర్తకు కాక నా ఒక్కదానికే చెప్పింది. రోజూ వేసుకోమని ఉచితంగా మాత్రలిచ్చారు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం వచ్చి నా కుట్టుమిషను పక్కన కూలబడింది.

“అక్కా, ఈ మాత్రతో తల తిరగతా ఉంది. బిడ్డకేమన్నా అయిద్దా?”

“ఆపెయ్యవే. నొప్పులప్పుడు ఒక్కటేసుకుంటే చాలు. పుస్తకంలో ఉంది.”

“ఆసుపత్రి మేడం రోజూ మింగాల్సిందే అనిందే?”

“ఆమె ఏం చదివిందో నాకేం తెలుసు? నేను చదివే చెబుతున్నా.”

“నిన్ను డాక్టర్ని చెయ్యకుండా మిషను ముందు కూర్చోబెట్టారు చూడు,” అని నవ్వింది. ఆ మెప్పు నాకు బాగుంది.

పుస్తకంలో ఆ మాట ఉన్నది నిజమే. కానీ అది పాత పుస్తకం. ఒకప్పుడు అలాగే ఇచ్చేవారట, తరువాత పద్ధతి మార్చారు. అచ్చయిన సంవత్సరం మొదట్లోనే వేసి ఉంది. అన్ని పేజీలు చదివినదాన్ని, ఆ ఒక్కటీ ఎందుకు చూడలేదు? చూసి ఉంటే మాత్రం, తెలియదని ఒప్పుకునేదాన్నా?

నెలన్నర తరువాత ఆమె మందులకు వెళ్తుంటే తోడు వెళ్లాను. డబ్బాలో మిగిలినవి చూసి ఆ మేడం నిలదీసింది.

“ఎందుకు ఆపావమ్మా?”

పక్కింటి అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. “మరిచిపోయానండీ.”

“అన్నం తినడం మరిచిపోతావా?”

నేను గోడమీది పోస్టరు చదువుతూ నిలబడ్డాను.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టించారు. పుట్టగానే పాపకు మందు పోశారు. ఆరు వారాలకు మడమ గుచ్చి రక్తం పరీక్షకు పంపారు. పాపకూ ఉందని వచ్చింది. అప్పుడే భర్తకూ అంతా తెలిసింది, మాత్రలు మరిచిపోయిందన్న మాటతో సహా. ఆ నెలన్నర వల్లేనా? తేల్చి చెప్పగలిగినవారు లేరు. ఇన్నాళ్లూ ఆ అనుమానం చాటునే దాక్కున్నాను.

ఆ పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇవ్వలేదు. ఇంకెవరూ దాన్ని నమ్మి మోసపోకూడదనే ఉంచుకున్నానని చెప్పుకునేదాన్ని. అబద్ధం. నేను చదివిన పేజీ ఎవరి కంటా పడకూడదు, అంతే.

పాప ఇప్పుడు రెండో తరగతి. రోజూ మందు వేసుకుని బడికి పోతుంది. సాయంత్రం వచ్చి నాచేత కథలు చదివించుకుంటుంది. వాళ్ల నాన్న కోపం వస్తే, “మాత్ర మింగడం కూడా మరిచిపోయిన మనిషివి” అని భార్యను ఇప్పటికీ దెప్పుతాడు. గోడకు ఇవతల నాకు వినపడుతుంది. ఆమె నా పేరు ఎత్తదు.

ఆమె మరిచిపోలేదు. నేను ఆపమన్నాను.