కార్టూన్ కుర్రాడి కన్నతండ్రి

ఇవాళ ఏలూరులో గుండుగొలను వెళ్ళడానికి బస్సెక్కి, నేను చూస్తున్న యానిమేషన్ సిరీస్ గురించి చెల్లికి ఫోన్లో చెబుతున్నాను.

"ఆ కుర్రాడి తెలివి మామూలుది కాదే! పోలీసుల పక్కనే తిరుగుతూ మనుషుల్ని చంపేస్తాడు, ఇంటికొచ్చి ఒక్కడే ఏడుస్తాడు. ఇక వాళ్ళ నాన్ననే చంపబోతున్నాడు."

ఫోన్ పెట్టగానే పక్క సీటు పెద్దావిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏ ఊరమ్మా ఆ కుర్రాడిది? పాపం, ఆ తండ్రికి ఎవరైనా చెప్పారా?"

"అయ్యో, నిజం మనుషులు కాదండీ, కార్టూన్ బొమ్మలు."

"బొమ్మయితే మాత్రం కన్నతండ్రి కాదేంటమ్మా?"

నేనింకా చూడని ఆఖరి ఎపిసోడ్ ఫోన్లో పెట్టాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. తండ్రి బతికాడు. ఆవిడ దణ్ణం పెట్టుకున్నారు. తలెత్తి చూస్తే ఇద్దరం దిగాల్సిన గుండుగొలను ఎప్పుడో దాటిపోయింది. భీమడోలులో దిగి వెనక్కి ఆటో ఎక్కాం.

కార్టూన్లు పిల్లలకేనని ఎవరండీ అన్నది?